ఐదు పౌన్ల జరిమానా – ఎగ్లాంటైన్ జెబ్ జీవితం

పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఎవరైనా మహనీయుల జీవిత చరిత్ర రాసి ఇవ్వవలసిందిగా మన సంఘం కార్యదర్శి గారు కోరారు. మన నాయకుల గురించి, కవుల గురించి సోదర సభ్యులు ప్రతి ఏడూ చక్కగా రాస్తూనే ఉన్నారు. అందుచేత నేను ఈసారి విదేశాలలో చాలా పేరున్న, మన వైపు మాత్రం అంతగా వినబడని ఒక ఇంగ్లీషు మహిళను ఎంచుకున్నాను. ఆమె పేరు ఎగ్లాంటైన్ జెబ్. సేవ్ ది చిల్డ్రన్ అనే సంస్థ పేరు మీలో కొందరు వినే ఉంటారు. దానిని స్థాపించినది ఆమే.

ఎంచుకోవడానికి నాకు ఇంకొక కారణం కూడా ఉంది. డిసెంబరు 17 ప్రాముఖ్యం మన సభ్యులకు నేను చెప్పనక్కరలేదు. 1982లో ఆ రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదనీ, ఉద్యోగికి రావలసిన హక్కు అనీ తీర్పు చెప్పింది. అంతకు 54 సంవత్సరాల ముందు, 1928లో, సరిగ్గా డిసెంబరు 17ననే జెబ్ జెనీవాలో కన్నుమూసింది. తేదీలు కలవడం కాకతాళీయమే. కానీ రెవెన్యూ శాఖలో జీవితమంతా తేదీలు సరిచూసుకుంటూ గడిపినవాణ్ణి కనుక అది నా కంటబడింది. పసిబిడ్డకు అందే తిండి, వైద్యం కూడా ఒకరి దయ మీద ఆధారపడరాదని ఆవిడ వాదన. ఆ వాదనకు ఆవిడ ఎలా వచ్చిందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇంగ్లండులో ష్రాప్‌షైర్ అనే జిల్లాలో ఎల్స్‌మియర్ పట్టణం దగ్గర 1876 ఆగస్టు 25న ఆమె పుట్టింది. కలిగిన కుటుంబం. పెద్ద భవనం, పొలాలు, నౌకర్లు. తల్లి ఊరివాళ్ళకు చేతిపనులు నేర్పించడం కోసం ఒక సంఘాన్నే నడిపిన మనిషి. పిల్లలు ఆరుగురు. వారిలో గాముల్ అనే తమ్ముడు 1896లో చిన్న వయసులోనే చనిపోయాడు. ఆ దుఃఖం ఆమెను చాలా కాలం వదలలేదంటారు. అప్పటికి ఆమె ఆక్స్‌ఫర్డ్‌లో లేడీ మార్గరెట్ హాల్ అనే మహిళా కళాశాలలో చరిత్ర చదువుతున్నది. ఆ రోజుల్లో ఆడపిల్లలను అక్కడ చదవనిచ్చేవారు గాని పట్టా మాత్రం ఇచ్చేవారు కారు.

చదువు ముగించుకుని, ఉపాధ్యాయ శిక్షణ కూడా పొంది, మార్ల్‌బరో అనే ఊళ్ళో పేద పిల్లల బడిలో పంతులమ్మగా చేరింది. రెండేళ్ళు కూడా తిరగకుండానే మానేసింది. ఆరోగ్యం సరిగా లేకపోవడం ఒక కారణం. రెండో కారణం, ఆ పని తనకు నప్పదని ఆవిడకే తెలిసిపోవడం. నిజం చెప్పాలంటే పిల్లలతో కూర్చుని ఆడించడం, ముద్దుచేయడం ఆమెకు చేతకాదు. పిల్లల గోల ఆవిడకు విసుగు. ఆమె పెళ్ళి చేసుకోలేదు, పిల్లలూ లేరు. పిల్లల కోసం ప్రపంచంలో అంత పని చేసిన మనిషికి పిల్లలంటే ప్రత్యేకమైన మోజు లేదంటే వినడానికి విడ్డూరంగానే ఉంటుంది. నాకు మాత్రం ఇందులోనే ఆమె గొప్పతనం కనబడుతుంది. మనకు ముద్దొచ్చిన బిడ్డను ఎత్తుకోవడం ఎవరికైనా వచ్చును. ఎన్నడూ చూడని, చూడబోని బిడ్డ గురించి ఆలోచించడానికి వేరే గుణం కావాలి.

తరువాత తల్లితో కలిసి కేంబ్రిడ్జిలో స్థిరపడింది. అక్కడ దానధర్మాలను ఒక పద్ధతిలో పెట్టడానికి పనిచేసే సంఘంలో చేరింది. ఆ ఊళ్ళో ఎవరికి ఏమి కొరత ఉన్నది, ఏయే సంస్థలు ఎవరికి సహాయం చేస్తున్నాయి, ఎవరికి రెండుసార్లు అందుతున్నది, ఎవరికి అసలే అందడం లేదు అని విచారించి, 1906లో కేంబ్రిడ్జి పట్టణ పరిస్థితుల మీద ఒక పుస్తకం ప్రచురించింది. కుర్రవాళ్ళకు తగిన ఉద్యోగాలు చూపించే కార్యాలయంలో కూడా పనిచేసింది. రిజిస్టరు, విచారణ, సిఫార్సు, ఫలితం నమోదు. ఇదంతా మనకు బాగా తెలిసిన పనే కదా. చరిత్రకారులు ఈ సంవత్సరాలను రెండు వాక్యాలలో దాటేస్తారు గాని, తరువాత వచ్చినదంతా ఈ రిజిస్టర్ల మీదే నిలిచిందని నా అభిప్రాయం.

1913లో బాల్కను యుద్ధాలు ముగిసే సమయానికి సహాయ నిధి తరఫున ఆమె మాసిడోనియా వెళ్ళింది. ఇళ్ళు తగలబడి, ఊళ్ళు విడిచి వచ్చిన కుటుంబాలను మొదటిసారి కళ్ళారా చూసింది. ఓడినవాడి భార్యాబిడ్డలు, గెలిచినవాడి భార్యాబిడ్డలు ఒకే విధంగా ఆకలితో ఉండడం చూసింది. తిరిగి వచ్చి నిధి కోసం ఊరూరా ఉపన్యాసాలిచ్చింది. ఆ మరుసటి ఏడే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది.

ఇక్కడ ఆమె చెల్లెలు డొరతీ బక్స్‌టన్ గురించి చెప్పకపోతే అన్యాయం చేసినట్టే. యుద్ధకాలంలో శత్రుదేశాల పత్రికలు ఇంగ్లండు ప్రజలకు అందేవి కావు. డొరతీ ప్రత్యేక అనుమతి సంపాదించి, ఆ పత్రికలు తెప్పించి, అందులోని వార్తలను ఇంగ్లీషులోకి అనువదింపజేసి కేంబ్రిడ్జి మ్యాగజైన్ అనే పత్రికలో వేయసాగింది. అక్క ఆ అనువాదకుల బృందంలో చేరింది. జర్మనీలో, ఆస్ట్రియాలో పాలు లేవు, బొగ్గు లేదు, పిల్లలకు ఎముకలు వంగిపోతున్నాయి అనే సంగతులు అక్కచెల్లెళ్ళకు ఆ విధంగా తెలిసినవి.

1918 నవంబరు 11న తుపాకులు ఆగాయి. కానీ నౌకా దిగ్బంధం ఆగలేదు. సంధి షరతులకు ఒప్పుకునేదాకా ఓడిన దేశాలకు సముద్రం మీదుగా సరుకు చేరకుండా మిత్రరాజ్యాలు కట్టడి చేశాయి. 1919 జూన్ 28న వెర్సాయ్ సంధి మీద సంతకాలు పడిన తరువాత, జూలైలో గాని అది పూర్తిగా తొలగలేదు. యుద్ధం అయిపోయిన తరువాత కూడా ఎనిమిది నెలలు వియన్నాలో పసివాళ్ళు ఆకలితో మాడారన్న మాట. దీనిని ఎత్తివేయాలని కోరుతూ 1919 ఆరంభంలో లండన్‌లో కరువు వ్యతిరేక మండలి ఒకటి ఏర్పడింది. అక్కచెల్లెళ్ళిద్దరూ అందులో ముఖ్యులు.

ఆ ఏప్రిల్‌లో జెబ్ ట్రఫాల్గర్ స్క్వేరు కూడలిలో నిలబడి కరపత్రాలు పంచింది. ఒక కరపత్రం మీద ఆస్ట్రియా దేశపు శిశువు ఫోటో. పెద్ద తల, పుల్లల్లాంటి కాళ్ళు చేతులు. ఈ పని మన దిగ్బంధం వల్ల జరుగుతున్నదని కింద రాసి ఉంది. యుద్ధకాలపు రక్షణ చట్టం ఇంకా అమలులో ఉంది. ఇటువంటి కరపత్రాలను ముందుగా సెన్సారు వారికి చూపించాలి. చూపించలేదు. ఆమెను అరెస్టు చేశారు.

మే నెలలో మాన్షన్ హౌస్ కోర్టులో విచారణ జరిగింది. వకీలును పెట్టుకోకుండా తన తరఫున తానే మాట్లాడింది. చట్టరీత్యా చూస్తే తప్పించుకునే దారి లేదు, అనుమతి లేకుండా పంచిన మాట నిజమే. కాబట్టి ఆవిడ చట్టం జోలికి ఎక్కువగా పోకుండా, పిల్లల స్థితి ఏమిటో కోర్టులో ఉన్న విలేఖరులందరికీ అర్థమయ్యేలా చెప్పింది. తీర్పు ఐదు పౌన్ల జరిమానా. శిక్షగా చూస్తే స్వల్పమే. కోర్టు ముగిసిన తరువాత, ఆమెకు వ్యతిరేకంగా వాదించిన ప్రభుత్వ న్యాయవాది సర్ ఆర్చిబాల్డ్ బాడ్కిన్ దగ్గరికి వచ్చి స్వయంగా ఐదు పౌన్లు ఆమె చేతిలో పెట్టాడని చెబుతారు. ఆవిడ ఆ సొమ్మును పిల్లల నిధికి జమ కట్టింది. ఆ సంస్థ లెక్కల్లో మొదటి విరాళం అదేనంటారు. తన విధి తాను నిర్వర్తించి, ఆ తరువాత మనిషిగా తన వాటా ఇచ్చిన ఆ వకీలు నాకు ఈ కథలో చాలా ఇష్టమైన పాత్ర. ఉద్యోగంలో ఉండగా మనలో ఎంతమందికి అటువంటి సందర్భాలు రాలేదు!

1919 మే 19న రాయల్ ఆల్బర్ట్ హాలులో బహిరంగ సభ పెట్టారు. శత్రువుల పిల్లలకు చందాలా అని కోపంతో కొందరు కుళ్ళిన పళ్ళు పట్టుకుని వచ్చారట, వేదిక మీదికి విసరడానికి. అక్కచెల్లెళ్ళ మాటలు విన్న తరువాత విసరలేదు. ఆ సభలోనే సేవ్ ది చిల్డ్రన్ నిధి ప్రజల ముందుకు వచ్చింది. బొగ్గు గని కార్మికుల సంఘం తన వంతు విరాళం ఇచ్చింది. కొడుకులను యుద్ధంలో పోగొట్టుకున్న ఇళ్ళు ఆ రోజు ఇంగ్లండులో లక్షల్లో ఉన్నాయి. అటువంటివారి దగ్గరికి పోయి జర్మను పిల్లల పాల కోసం చేయి చాపడం ఎంత కష్టమో పాఠకులు ఊహించుకోగలరు.

ఇంగ్లండు చర్చి పెద్దలు మొదట వెనకాడారు. ఆమె నేరుగా రోము నగరంలోని పోపు గారికే విన్నపం పంపింది, తరువాత వెళ్ళి కలిసింది. ఆమె ఆ శాఖకు చెందిన మనిషి కాదు. అయినా పదిహేనవ బెనెడిక్టు పోపు ప్రపంచంలోని కాథలిక్ చర్చిలన్నింటిలోనూ డిసెంబరు 28న ఈ పిల్లల కోసం చందాలు పోగుచేయమని ఆదేశించాడు. 1920లో వెలువరించిన లేఖలో ఆ సంస్థను పేరుపెట్టి మెచ్చుకున్నాడు. ఇతర మతశాఖలు కూడా అదే బాట పట్టాయి. 1920 జనవరిలో జెనీవాలో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ అండతో, వివిధ దేశాల సంఘాలను కలిపి అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది.

తరువాతి పరీక్ష రష్యా. 1921లో వోల్గా నది పరీవాహక ప్రాంతంలో ఘోరమైన కరువు వచ్చింది. అంతర్యుద్ధం, వర్షాభావం, ధాన్యం బలవంతపు సేకరణ, అన్నీ కలిసి లక్షలాది మందిని బలిగొన్నాయి. అప్పటికి బోల్షివిక్కుల పేరు చెబితే లండన్ పెద్దమనుషులకు ఒళ్ళుమంట. పైగా ఇంగ్లండులోనే నిరుద్యోగం. ముందు మన పిల్లలను చూసుకోవద్దా అని కొన్ని పత్రికలు దండెత్తాయి. అది అర్థంలేని ప్రశ్న కాదు. జెబ్ కూడా దానిని కొట్టిపారేయలేదు, స్వదేశంలోని పిల్లల కోసం కూడా ఆ నిధి ఖర్చుపెట్టింది. కానీ వంతులు వేసుకునేదాకా సరాతోవ్ పిల్లలు బతికి ఉండరని ఆమెకు తెలుసు.

ఆమె పత్రికల్లో పెద్ద పెద్ద ప్రకటనలు వేయించింది. కరువు ప్రాంతానికి కెమెరా పంపి సినిమా తీయించి ఊరూరా చూపించింది. విరాళం సొమ్ముతో ప్రకటనలా అని తగువు వచ్చింది. ఖర్చుపెట్టిన దానికి ఎన్నో రెట్లు తిరిగి వస్తున్నదని లెక్క చూపించింది. 1921 సెప్టెంబరులో ఆహారం, మందులతో ఓడ బయలుదేరింది. సరాతోవ్ ప్రాంతంలో గంజి కేంద్రాల వంటివి తెరిచి దాదాపు మూడు లక్షల మంది పిల్లలకు రోజూ తిండి పెట్టారు. ఎంపిక చేసిన పిల్లలకు కార్డులు ఇచ్చి, వంటశాల దగ్గరే కూర్చోబెట్టి తినిపించడం పద్ధతి. మనం వినడానికి మూడు లక్షలు ఒక అంకె. కాని ప్రతి ఒక్కరి పేరూ ఎవరో ఒకరు ఒక జాబితాలో ఎక్కించి ఉంటేనే ఆ గిన్నె నిండుతుంది.

జాబితా మాట వచ్చింది కనుక నా అనుభవం ఒకటి మనవి చేస్తాను. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తరువాత సహాయ విధులకు వెళ్ళిన గుమాస్తాలలో నేనూ ఒకణ్ణి. బాధిత కుటుంబాల పట్టిక రాయడం నా పని. ఫారంలో మొదటి గడి కుటుంబ యజమాని పేరు. ఒక ఊళ్ళో ఎనిమిదేళ్ళ పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని వరుసలో నిలబడింది. వాళ్ళ ఇంట్లో పెద్దవాళ్ళెవరూ మిగల్లేదు. యజమాని గడి ఖాళీగా ఉంటే బియ్యం ఇవ్వడం కుదరదని పంపిణీ దగ్గర కూర్చున్నవారు అన్నారు. మా బృందానికి పెద్దగా వచ్చిన అధికారి కాసేపు ఆలోచించి, ఆ పిల్ల పేరే యజమాని గడిలో రాయండి అన్నారు. రాశాను. వయసు 8, కుటుంబ సభ్యులు 2. తరువాత బంధువులెవరో వచ్చి ఆ పిల్లలను తీసుకుపోయారని విన్నాను.

ఆ అధికారి మంచివాడు కనుక ఆ రోజు బియ్యం అందింది. మంచివాడు కాకపోతే? జెబ్‌ను పట్టి పీడించిన ప్రశ్న కూడా సరిగ్గా ఇదే. చందాలు వచ్చినంత కాలం పిల్లలు తింటారు, జనం మనసు ఇంకోవైపు మళ్ళితే ఆకలితో పడుకుంటారు. ఇప్పటికే ఆస్ట్రియాను మరచి రష్యా వైపు, రష్యాను మరచి ఆసియా మైనరు నుంచి తరిమివేయబడిన గ్రీకు కాందిశీకుల వైపు చూపు మళ్ళుతున్నది. జాలి మీద కట్టిన కట్టడం ఎంతకాలం నిలుస్తుంది?

1922 చివరికి వచ్చేసరికి ఆమె ఆలోచన ఒక కొలిక్కి వచ్చింది. జెనీవా ఊరికి ఎదురుగా సలేవ్ అనే కొండ ఉన్నది. ఆమెకు కొండలెక్కడం ఇష్టం. ఆ కొండ మీద కూర్చుని ఆలోచించి, దిగి వచ్చి పిల్లల హక్కుల ప్రకటనకు చిత్తు రాసిందని ప్రతీతి. ఒక్క కాగితం మీద పట్టేంత చిన్నది, ఐదే అంశాలు. మన జీవోలలాగా అనుబంధాలు, ఉప నిబంధనలు లేవు. బిడ్డ శరీరం, మనసు సక్రమంగా ఎదగడానికి కావలసినవి సమకూర్చాలి. తిండి, వైద్యం, నీడ మాట సరే, చదువులో వెనకబడినవాణ్ణి, దారి తప్పినవాణ్ణి, ఎవరూ లేనివాణ్ణి కూడా వదిలిపెట్టరాదని చేర్చింది. ఆపద వేళ సహాయం మొదట చేరవలసినది పిల్లలకే. పెరిగి తన కాళ్ళ మీద తాను నిలబడేలా చేయాలి, వాడి శ్రమను ఎవరూ దోచుకోకుండా కాపాడాలి. తనకున్న శక్తిని తోటివారికి ఉపయోగించాలనే బుద్ధితో పెంచాలి. జాతి, దేశం, మతం అనే తేడాలకు ఇందులో తావు లేదని పైననే చెప్పింది.

హక్కులు అని పేరు పెట్టినా, ఇందులోని వాక్యాలన్నీ పెద్దవాళ్ళు చేయవలసిన పనుల గురించే. బిడ్డకు కోర్టుకెళ్ళే శక్తి ఎక్కడిది? అందుకని భారం ఎవరి మీద ఉండాలో వాళ్ళ మీదే పెట్టింది. 1924 సెప్టెంబరు 26న నానాజాతి సమితి దీనిని ఆమోదించింది. జెనీవా ప్రకటన అని దానికి పేరు. అప్పటికి మన దేశం ఇంకా ఇంగ్లీషువారి పాలనలో ఉన్నా ఆ సమితిలో సభ్యత్వం ఉండేది.

ప్రకటన రాసి ఊరుకోలేదు. కుటుంబం నిలబడితేనే బిడ్డ నిలబడతాడని, బల్గేరియాలో కాందిశీకుల కోసం ఒక కొత్త ఊరే కట్టడానికి ఆ సంస్థ పూనుకుంది. ఆ ఊరి పేరు అతోలోవో. సంస్థకు అధ్యక్షుడైన అథోల్ ప్రభువు పేరు మీద పెట్టారు. ఆ ఊరు నేటికీ ఉన్నది.

ఇంత పని చేస్తున్న మనిషి ఆరోగ్యం ఏనాడూ బాగుండలేదు. థైరాయిడ్ గ్రంథి వ్యాధి, గుండె నీరసం. జుట్టు తొందరగా నెరిసిపోయింది. సహచరులు ఆమెను తెల్లని జ్వాల అని పిలుచుకునేవారట. ఇష్టమైన కొండలు ఎక్కే ఓపిక కూడా లేకుండాపోయింది. చివరి సంవత్సరాలలో యూరపు దాటి ఆసియా, ఆఫ్రికా పిల్లల సంగతి చూడాలని ఆమె తాపత్రయపడింది. శస్త్రచికిత్సలు జరిగినా ఫలితం లేకపోయింది. 52వ ఏట జెనీవాలోనే పోయింది. అక్కడి సెయింట్ జార్జెస్ శ్మశానంలో పూడ్చారు.

ఆ తరువాతి కథ చాలా పెద్దది, క్లుప్తంగా చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధం ఆ ఐదు అంశాలనూ కాలరాసింది. యుద్ధానంతరం ఐక్యరాజ్య సమితి వాటిని పెంచి 1959 నవంబరు 20న పది సూత్రాల ప్రకటన చేసింది. అది కూడా ప్రకటనే, కట్టుబడే ఒప్పందం కాదు. సరిగ్గా ముప్పై ఏళ్ళకు, 1989 నవంబరు 20న, 54 అధికరణాలతో బాలల హక్కుల ఒడంబడిక వచ్చింది. దీనికి ఒప్పుకున్న దేశం తన చట్టాలను సరిచేసుకోవాలి, ఎంతవరకు అమలు చేసినదీ నివేదికలు పంపాలి. భారతదేశం 1992 డిసెంబరులో చేరింది. ప్రపంచంలో దాదాపు అన్ని దేశాలూ ధ్రువీకరించాయి. ధ్రువీకరించని పెద్ద దేశం అమెరికా. మన దేశంలో 2000లోను, తిరిగి 2015లోను వచ్చిన బాల న్యాయ చట్టాలు ఈ ఒడంబడికను పేర్కొంటాయి. ఇప్పుడు ఉప్పెనలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లను జిల్లాలోని బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. ఎవరి దగ్గర ఉంచాలో ఆ సమితి నిర్ణయిస్తుంది, నమోదు చేస్తుంది. దివిసీమ నాటికి మా ఫారాలలో అటువంటి గడి లేదు.

జెనీవా నగరంలో ప్రముఖులకు మాత్రమే చోటిచ్చే పాత శ్మశానం ఒకటి ఉంది. రాజుల శ్మశానం అని దాని పేరు, అయితే అందులో రాజులెవరూ లేరు. మతాచార్యులు, రచయితలు, పండితులు ఉన్నారు. చనిపోయిన 95 సంవత్సరాల తరువాత, 2024లో, జెబ్ అస్థికలను సెయింట్ జార్జెస్ నుంచి తీసి అక్కడికి మార్చారు.